జేబు కావాలా అని అడిగింది: వాక్యాల కార్డులతో మూడేళ్ళ ఫ్రెంచ్

ఫ్రాన్స్‌లోని తులూజ్‌కి వచ్చిన రెండో వారం. ఇంటి కింద బేకరీలో రెండు క్రువాసాఁలు, ఒక బగెట్ చెప్పాను. డబ్బులు తీసేలోపు కౌంటర్ దగ్గరున్నావిడ "వు వులే యున్ పోష్?" అని అడిగింది. పోష్ నాకు తెలుసు. హైదరాబాద్‌లో ఉండగానే ఫోన్‌లో కార్డులు తిప్పి తిప్పి నేర్చుకున్న మొదటి ఆరేడు వందల మాటల్లో అదొకటి. "ఇల్ అ మి ల మేఁ దాఁ స పోష్", అతను జేబులో చెయ్యి పెట్టుకున్నాడు. మరి ఈవిడ నాకు జేబు కావాలా అని అడుగుతోందేంటి? నిజం చెప్తున్నా, ఒకసారి ప్యాంటు వైపు చూసుకున్నాను. వెనక లైను పెరుగుతోంది. చివరికి ఆవిడే ఒక కాగితం సంచి పైకెత్తి చూపించింది.

ఫ్రాన్స్ నైరుతి వైపు సంచిని పోష్ అంటారు. పారిస్‌లో అయితే సాక్. అలాగే చాక్లెట్ పెట్టిన బన్నును దేశంలో ఎక్కువ చోట్ల "పేఁ ఓ షొకొలా" అంటే ఇక్కడ "షొకొలాతీన్" అనాలి. ఈ విషయం మీద ఇక్కడి వాళ్ళు సరదాకి పోట్లాడుకుంటారు కూడా. నా కార్డుల్లో ఇవేవీ లేవు. అయినా మూడేళ్ళ తర్వాత ఇంకా ఈ కార్డులే వాడుతున్నాను, కొత్తగా వచ్చినవాళ్ళు అడిగితే ఇవే వాడమంటున్నాను. ఎందుకో, ఎక్కడ తేడా కొట్టిందో చెప్తాను.

(ఫ్రెంచ్ ముక్కు శబ్దాలకి అరసున్న పెడుతున్నాను. బడిలో ఎందుకు నేర్పారో అప్పుడు అర్థం కాలేదు, ఇప్పుడు పనికొచ్చింది.)

నేను వాడేది ఆంకీ అనే కార్డుల యాప్. పేరు జపనీస్ మాట, బట్టీ పట్టడం అని అర్థం. కంప్యూటర్‌లోనూ ఆండ్రాయిడ్‌లోనూ ఉచితం, ఐఫోన్‌లో మాత్రం కొనుక్కోవాలి. పని చాలా సింపుల్. ముందు వైపు ఒక ఫ్రెంచ్ వాక్యం, అందులో నేర్చుకోవలసిన మాట బోల్డ్‌లో ఉంటుంది, కింద ఆడియో. వెనక వైపు అర్థం. గుర్తొస్తే ఆ కార్డు కొన్నాళ్ళ తర్వాత కనిపిస్తుంది, రాకపోతే కాసేపటికే మళ్ళీ ఎదురవుతుంది. ఎన్నాళ్ళ తర్వాత చూపించాలో లెక్కగట్టే పద్ధతి 2023 చివర్లో కొత్తది వచ్చింది. సెట్టింగుల్లో ఆన్ చేసుకున్నాక నాకు రోజువారీ కార్డులు బాగానే తగ్గాయి.

ఇంటర్‌లో మార్కుల కోసం సెకండ్ లాంగ్వేజ్‌గా ఫ్రెంచ్ తీసుకున్న బ్యాచ్ మాది. నాకు 97 వచ్చాయి. అప్పుడు నేర్చుకున్నది ఎడమ వైపు ఫ్రెంచ్ మాట, కుడి వైపు ఇంగ్లీష్ మాట, మధ్యలో ఒక గీత. పరీక్ష హాల్లోంచి బయటికొచ్చాక ఆ గీత తప్ప ఏమీ మిగల్లేదు. అందుకే రెండోసారి మొదలుపెట్టినప్పుడు విడి మాటల జోలికి పోకూడదనుకున్నాను.

వాక్యం ఎందుకు కావాలో "కు" అనే ఒక్క మాట చూస్తే తెలిసిపోతుంది. డిక్షనరీలో అర్థం దెబ్బ. కానీ "కు ద ఫిల్" అంటే ఫోన్ చేయడం, "కు ద మేఁ" అంటే చేతిసాయం, "తు త కు" అంటే ఉన్నట్టుండి. ఇక "ద్యు కు" అంటే "దాంతో", "అందుకని". మా ఆఫీసులో ప్రతి రెండో వాక్యం దీంతోనే మొదలవుతుంది. దెబ్బ అని బట్టీ పట్టినవాడికి ఇందులో ఏదీ అందదు. నాకు మాత్రం ఈ వాక్యాలన్నీ వరసగా చూసేసరికి మన "కొట్టు" గుర్తొచ్చింది. ఫోన్ కొడతాం, బోర్ కొడుతుంది, ఈత కొడతాం, కన్ను కొడతాం, ఇందులో ఎవరికీ దెబ్బ తగలదు. "కు ద షలర్" అయితే అచ్చంగా వడదెబ్బే, అక్షరం పొల్లుపోకుండా. ఆ రోజు నుంచి ఆ మాట మీద భయం పోయింది.

అక్కడే ఒక నిర్ణయం కూడా తీసుకున్నాను. కార్డుల వెనక వైపు ఇంగ్లీష్ తీసేసి తెలుగు రాసుకోవడం. ఈ మూడేళ్ళలో నేను చేసిన మంచి పని ఏదైనా ఉందంటే అదే.

మొదట దించుకున్న రెడీమేడ్ డెక్‌లో (డెక్ అంటే కార్డుల కట్ట) వెనకంతా ఇంగ్లీషే. "ఇల్ మ ఫో ద్యు పేఁ" అనే వాక్యం నాకు నెల రోజులు ఎక్కలేదు. ఇంగ్లీష్‌లో "ఐ నీడ్" అని ఉంది, ఫ్రెంచ్‌లో ఆ "ఐ" ఎక్కడుందో వెతుక్కునేవాణ్ణి. తెలుగులో "నాకు బ్రెడ్ కావాలి" అని రాసుకున్న రోజే అయిపోయింది. మనకు "నాకు" ఎలాగో వాళ్ళకు "మ" అలాగ. "స మ ప్లే" అంటే "అది నాకు నచ్చింది", ఇక్కడా అంతే. "త్యు మ మాఁక్" కూడా ఇంగ్లీష్ దారిలో వెళ్తే తలకిందులవుతుంది, ఎవరు ఎవరి కోసం బెంగపడుతున్నారో తారుమారు. "నాకు నువ్వు లేని లోటు" అనుకుంటే వరస దానంతటదే కుదురుతుంది.

నువ్వు, మీరు సంగతీ అంతే. ఇంగ్లీష్ "యూ" చూసి "త్యు" అనాలా "వు" అనాలా ఎలా తెలుస్తుంది? తెలుగు రాసుకుంటే ఆ సందేహమే లేదు. కాకపోతే ఇక్కడ నేను ఒకటి ఎక్కువ నమ్మాను. మన మీరు, వాళ్ళ "వు" ఒకే చోట వాలవు. మా మేనేజర్‌ని మూడు నెలలు "వు" అని పిలిచాను, టీమ్‌లో అందరూ ఆయన్ని "త్యు" అంటున్నా సరే. చివరికి ఆయనే నవ్వి, వద్దయ్యా అన్నాడు. నా పక్క సీటతను వాళ్ళ అత్తగారితో ఫోన్‌లో "త్యు" అంటూ మాట్లాడుతుంటే నాకు ఇప్పటికీ కాస్త ఇబ్బందిగానే ఉంటుంది.

ఇక ఫిర్యాదులు. ఆ రెడీమేడ్ డెక్‌లో మాటలు ఎంత ఎక్కువగా వాడుకలో ఉంటే అంత ముందు వచ్చేలా పేర్చారు. వినడానికి బాగానే ఉంది. కానీ ఆ లెక్క తీసింది ఎక్కువగా పత్రికల నుంచి అనుకుంటా, ప్రభుత్వం, సంస్థ, మండలి, ఆర్థిక అన్నీ మొదటి 500లోనే వచ్చేశాయి. ఆఫీసు క్యాంటీన్‌లో ఫోర్కు అడగాల్సి వచ్చినప్పుడు మాత్రం నోరు పెగల్లేదు. చేత్తో పొడిచి చూపించాను, వాళ్ళు నాకు కత్తి ఇచ్చారు. "ఫుర్షెట్" ఆ డెక్‌లో ఎక్కడో చివర ఉంది.

తర్వాత తెలిసిందేంటంటే ఈ తలనొప్పి కొత్తది కాదు. 1950ల మొదట్లో జార్జ్ గుగెన్‌హైమ్ అనే భాషావేత్త, ఆయన బృందం విదేశీయులకు నేర్పడానికి ప్రాథమిక ఫ్రెంచ్ మాటల పట్టిక ఒకటి తయారుచేశారు. మామూలు జనం మాట్లాడుకునేవి టేప్‌రికార్డర్ మీద రికార్డు చేసి, మూడు లక్షల పైచిలుకు మాటలు లెక్కపెట్టారు. క్రియలు, చిన్న చిన్న వ్యాకరణం మాటలు దండిగా వచ్చాయి. కానీ ఫోర్కు లాంటి, అందరి ఇంట్లో ఉండే వస్తువుల పేర్లు సరిగా దొరకలేదు. అందరికీ తెలుసు, అవసరమైనప్పుడు వెంటనే నోటికొస్తాయి, కానీ మామూలు మాటల్లో పెద్దగా దొర్లవు. అందుకని బడిపిల్లలకు వంటిల్లు, దుస్తులు, రవాణా లాంటి అంశాలిచ్చి, తోచిన మాటలు రాయించి, పట్టికలో ఆ లోటు పూడ్చారు. ఇది చదివాక నేనూ అదే చేశాను. వంటింట్లో నిలబడి కంటికి కనిపించిన ప్రతిదానికీ ఒక వాక్యం రాసుకున్నాను. సింకు కారుతుంటే "స ఫ్యుయి" అనాలని అప్పుడే తెలిసింది. డెక్‌లో ఆ క్రియకు ఖైదీ పారిపోయిన వాక్యం ఉంది. ప్లంబర్‌కి ఖైదీతో పనేముంది?

వాక్యాలు మరీ పొడిగా ఉండటం ఇంకో బాధ. ఒకే పేరుగల మనిషి బస్సెక్కుతాడు, ఏడుస్తాడు, గొడుగు పోగొట్టుకుంటాడు. వంద కార్డుల తర్వాత నేను మాటను గుర్తుపట్టడం మానేసి వాక్యం ఆకారాన్ని గుర్తుపట్టడం మొదలుపెట్టాను. గొడుగు వాక్యం కనబడగానే బటన్ నొక్కేయడమే. అదే మాట వేరే చోట కనిపిస్తే తెల్లమొహం. దీనికి మందు, ఒక్కో మాటకి రెండు మూడు వేర్వేరు వాక్యాలు పెట్టుకోవడం. శ్రమే, కానీ తప్పదు.

ఆడియో సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. "ప్ల్యుస్" అని చివర "స్" పలికితే ఇంకా, "ప్ల్యు" అని మింగేస్తే ఇక వద్దు. రాతలో రెండూ ఒకటే. క్యాంటీన్‌లో వడ్డించే ఆయనతో "జాఁ వ ప్ల్యు" అన్నాను, ఇంకొంచెం పెట్టమని. ఆయన గరిటె వెనక్కి తీసుకున్నాడు. ఆ వాక్యానికి నా డెక్‌లో యంత్రం గొంతు తప్పు పలికిందని ఇంటికెళ్ళి వింటే తెలిసింది. మనుషులు పలికిన ఆడియో లేని డెక్‌ని ఇప్పుడు ముట్టను. "దస్యు" అంటే పైన, "దసు" అంటే కింద. ఆ రెండో అచ్చులో తప్ప తేడా లేదు, ఆ "యు" మన భాషలో లేనే లేదు. పెదవులు "ఊ"కి పెట్టి నోట్లో "ఈ" అనాలి. చెవితో తప్ప కళ్ళతో అది రాదు.

మొదలుపెట్టేవాళ్ళకి ఒక హెచ్చరిక. ఆంకీ రోజుకి 20 కొత్త కార్డులు పెట్టి ఇస్తుంది. ఇరవయ్యే కదా అనిపిస్తుంది. పాతవి వడ్డీలా పెరుగుతాయి. మూడో నెలకి నాకు రోజుకి 180 దాకా వచ్చాయి. సంక్రాంతికి ఇంటికెళ్ళి పది రోజులు ముట్టకపోతే తిరిగొచ్చేసరికి వెయ్యి పైన. ఫోన్ తెరవాలంటేనే టెన్షన్. ఇప్పుడు కొత్తవి రోజుకి ఎనిమిదే. ఇరవై నిమిషాల్లో, మెట్రోలో అయిపోతుంది.

ఎనిమిది సార్లు మర్చిపోయిన కార్డుకి ఆంకీ జలగ అని ముద్ర వేస్తుంది. నా జలగలన్నీ ఒకే కుటుంబం: పుర్తాఁ, సపాఁదాఁ, తుత్‌ఫ్వా. అన్నిటికీ "కానీ", "అయినా" అనే అర్థం. వీటికి వాక్యాలు కూడా దిక్కు కాలేదు, ఒక వాక్యంలో ఒకటి తీసి ఇంకోటి పెట్టినా బాగానే ఉంటుంది మరి. ఒక్క "కాఁ మెమ్" మాత్రం విని విని వచ్చింది. బిల్లు చూసి పక్కావిడ "కాఁ మెమ్!" అందంటే "మరీ విడ్డూరం కాకపోతే" అన్నమాట.

పోయినేడు డెల్ఫ్ అనే ఫ్రెంచ్ పరీక్ష, బీ1 స్థాయిది, రాశాను. ఒక్కో భాగానికి 25. చదవడంలో 23, వినడంలో 19, మాట్లాడటంలో 14.5, రాయడంలో 12 వచ్చాయి. పాసయ్యాను, కానీ ఆ అంకెల్లోనే ఈ పద్ధతి జాతకం ఉంది. ఎదురుపడిన మాటని గుర్తుపట్టడం బాగా వస్తుంది, మాటని వెతికి పట్టుకుని వాడటం అంతగా రాదు. ఆ తర్వాతే సగం కార్డుల్ని తిరగేసి, తెలుగు ముందు వైపు పెట్టి, ఫ్రెంచ్ పైకి చెప్పడం మొదలుపెట్టాను. ముందే చేయాల్సింది.

ఇప్పుడు నా దగ్గర 4,300 కార్డులున్నాయి, అందులో 1,500 మాత్రమే ఆ మొదటి డెక్‌వి. మిగతావి బేకరీలో, డాక్టర్ దగ్గర, లిఫ్ట్‌లో అతికించిన నోటీసులో దొరికినవి. కొత్తగా వచ్చిన తెలుగువాళ్ళు ఇద్దరు ఆ ఫైల్ పంపమన్నారు. పంపలేదు. ఏమనుకున్నారో ఏమో. అందులో పోష్ కార్డు మీద ఆ బేకరీ ఆవిడ ఉంది, సింకు కార్డులో మా ఇంటి ఓనర్ ఉన్నాడు. వాళ్ళకి అది మళ్ళీ ఎవరో గొడుగు పోగొట్టుకున్న కథే అవుతుంది.