చిన్న గిటార్ పెడల్ బోర్డుకి ఒక్కో ఎఫెక్టుకి ఒక్కో మినీ పెడల్ పెట్టాలా, లేక అన్నీ ఒకే పెట్టెలో ఉండే ఒక్క మల్టీ ఎఫెక్టా?

ఓవర్‌డ్రైవ్ (గిటార్ శబ్దాన్ని కాస్త గరగరలాడించే ఎఫెక్ట్) వరకు నా ఓటు మినీకే. వంగి నాబ్ కాస్త తిప్పితే చాలు, మెనూల్లో వెతుక్కునే పని లేదు. కాకపోతే చాలా మినీల్లో బ్యాటరీకి చోటుండదు, 9 వోల్టుల అడాప్టర్ తప్పదు. జాక్‌లు పక్కన ఉంటే పెడల్స్‌ని కలిపే ప్యాచ్ కేబుళ్లే బోలెడు జాగా తినేస్తాయి. అనలాగ్ ఓవర్‌డ్రైవ్‌కి 10 మిల్లీఆంపియర్ల చుట్టుపక్కల సరిపోతుంది, డిజిటల్ డిలేకి (శబ్దాన్ని ప్రతిధ్వనిలా మళ్లీ వినిపించేది) తరచూ 100 దాకా కావాలి. రెంటినీ ఒకే డైసీ చెయిన్‌కి (ఒక్క అడాప్టర్ నుంచి అన్ని పెడల్స్‌కీ కరెంటు పంచే వైరు) తగిలిస్తే సన్నగా కీచుమనే శబ్దం రావచ్చు (గిటార్ వాయించడం ఆపినా అది ఆగదు!). అప్పుడు ఒక్కో పెడల్‌కి విడివిడిగా కరెంటిచ్చే ఐసోలేటెడ్ సప్లై కొనాలి, చవక బేరం కాస్తా ఖరీదవుతుంది.

డిలే, రివర్బ్ (గదిలో మోగినట్టు వినిపించేది), కోరస్ (చాలా గిటార్లు కలిసి మోగినట్టు వినిపించేది) అప్పుడప్పుడే వాడేవాళ్లకి మల్టీయే లాభం. సాధారణంగా ట్యూనర్ కూడా అందులోనే ఉంటుంది. ప్రీసెట్ (ముందే దాచుకున్న సెట్టింగ్) పెట్టుకుంటే ఒక్క తొక్కుడుతో మూడు ఎఫెక్టులు మారతాయి. మినీలతో అదే పనికి రెండు కాళ్లూ చాలవు.