ఉప్పుగాలికీ కరెంటు కోతకూ నిలిచేవి ఏవి? విశాఖ ఇళ్లలో స్మార్ట్ పరికరాల సమీక్ష

స్మార్ట్ పరికరం కొనేటప్పుడు పెట్టె మీద అచ్చువేసిన సదుపాయాలు చదివి నిర్ణయించుకోవడం చాలామందికి అలవాటు. విశాఖపట్నంలో, అందులోనూ సముద్రానికి దగ్గరగా ఇల్లు ఉన్నవారు వాటికన్నా ముందు మూడు ప్రశ్నలు అడగాలి. కరెంటు పోయి తిరిగి వచ్చినప్పుడు ఇది ఏ స్థితిలో ఉంటుంది? ఇంటర్నెట్ లేనప్పుడు దీని అసలు పని ఆగిపోతుందా? ఉప్పుగాలిని ఎంతకాలం తట్టుకుంటుంది? లాసన్స్ బే కాలనీ వైపు ఉన్న మా అపార్టుమెంటులో వాడుతున్నవాటినీ, ఎంవీపీ కాలనీ, మధురవాడల్లో బంధువుల ఇళ్లలో దగ్గరగా చూసినవాటినీ ఈ ప్రశ్నలతోనే బేరీజు వేస్తున్నాను. నెట్ ఉన్నా లేకపోయినా స్విచ్చు నొక్కితే దీపం వెలగాలి, తాళం తిప్పితే తలుపు తెరుచుకోవాలి. మిగతా సౌకర్యాలన్నీ ఆ తరవాతే.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను తీరం దాటినప్పుడు రోజుల తరబడి కరెంటూ ఫోనూ లేకుండా గడిపిన ఊరు ఇది. ఆ తరవాత నగరంలో అనేక ప్రాంతాల్లో కరెంటు తీగలు భూమిలోకి వెళ్లాయి కానీ, ఇంటికి నెట్ తెచ్చే ఫైబర్ తీగలు మాత్రం చాలా వీధుల్లో ఇంకా స్తంభాల మీదే వేలాడుతున్నాయి. గట్టి గాలి వీచిన రాత్రి ముందుగా తెగేది అదే. అందుచేత ఏ పరికరమైనా కొనకముందు రౌటరునూ, ఫైబర్ పెట్టెనూ ఇన్వర్టర్ లైనులోకి మార్పించుకోవాలి. సాధారణ రౌటరు తీసుకునేది 10 నుంచి 15 వాట్లు మాత్రమే కాబట్టి ఇన్వర్టరుకు అది లెక్కలోకి రాని భారం. ఇన్వర్టరు లేని ఇంటికి 12 వోల్టుల మినీ యూపీఎస్ అని చిన్న లిథియం బ్యాటరీ పెట్టె దొరుకుతుంది. రెండు మూడు గంటల కోతను అది సునాయాసంగా దాటిస్తుంది.

ఇంకొక ముఖ్య విషయం. తక్కువ ధరలో దొరికే ప్లగ్గులు, బల్బులు, కెమెరాల్లో అధికభాగం రౌటరు ఇచ్చే రెండు రకాల వైఫై సిగ్నళ్లలో 2.4 గిగాహెర్ట్జ్ మీదే పనిచేస్తాయి. ఫోను 5 గిగాహెర్ట్జ్‌కు తగిలి ఉన్నప్పుడు కొన్ని పరికరాలు మొదటిసారి జతపడక సతాయిస్తాయి. చాలామంది పరికరం పాడైందనుకొని దుకాణానికి తిరిగి తీసుకువెళ్లేది ఇక్కడే. రౌటరు సెట్టింగుల్లో రెండు సిగ్నళ్లకూ వేర్వేరు పేర్లు పెడితే ఆ ఇబ్బంది తీరిపోతుంది. 2.4 గిగాహెర్ట్జ్‌లో ఒకదానికొకటి అడ్డురాని ఛానెళ్లు, అంటే సిగ్నల్ నడిచే దారులు, 1, 6, 11 మాత్రమే. ఇరుగుపొరుగు ఫ్లాట్ల సిగ్నళ్లన్నీ ఒకచోట గుమికూడే అపార్టుమెంటులో, ఈ మూడింటిలో రద్దీ తక్కువగా ఉన్నదాన్ని ఎంచుకుంటే తేడా వెంటనే తెలుస్తుంది.

ఇన్ని పరికరాల్లో నేను అన్నిటికన్నా ముందు సిఫారసు చేసేది బీఎల్‌డీసీ సీలింగు ఫ్యానును, అంటే తక్కువ కరెంటుతో తిరిగే బ్రష్‌లెస్ డీసీ మోటారు ఉన్నదాన్ని. ఏడాదిలో ఎక్కువ నెలలు ఫ్యాను ఆపలేని ఉక్కపోత మనది. మామూలు ఫ్యాను పూర్తి వేగంలో 75 వాట్లు తీసుకునే చోట, ఇది 28 నుంచి 35 వాట్లతో సరిపెట్టుకుంటుంది. రోజుకు 12 గంటలు తిరిగే ఫ్యాను మీద సుమారు 40 వాట్లు ఆదా అయితే నెలకు 14 యూనిట్లకు పైగా తగ్గినట్టే. గదికొక ఫ్యాను ఉన్న ఇంట్లో ఈ లెక్క బిల్లులో స్పష్టంగా కనిపిస్తుంది. కోత సమయంలో ఇన్వర్టరు బ్యాటరీ ఎక్కువసేపు వస్తుందన్నది అదనపు లాభం. వైఫై ఉన్న రకాన్ని యాప్‌తో గానీ మాటతో గానీ నడపవచ్చు. నెట్ పోతే చేతిలో రిమోట్ ఉంటుంది, రిమోట్ కనబడకపోతే గోడ మీద స్విచ్చు ఉంటుంది. నా మొదటి ప్రశ్నలు రెండింటికీ ఇంత నిండుగా జవాబు చెప్పిన పరికరం మరొకటి లేదు. బిగించేటప్పుడు పాత రెగ్యులేటరును తప్పనిసరిగా తీయించాలి, ఎందుకంటే దాని గుండా వెళ్లే కరెంటు ఈ ఫ్యానుకు సరిపడదు.

స్మార్ట్ ప్లగ్గు విషయంలో కొంచెం లెక్క తెలిసి ఉండాలి. 15 లీటర్ల గీజరు సాధారణంగా 2,000 వాట్లది. 230 వోల్టుల దగ్గర అది తొమ్మిది ఆంపియర్లకు కాస్త తక్కువగా లాగుతుంది. అంటే 6 ఆంపియర్ల చిన్న ప్లగ్గు దీనికి పనికిరాదు, 10 ఆంపియర్లది అంచుల దాకా వస్తుంది, 16 ఆంపియర్లదే నిశ్చింత. పాతిక డిగ్రీల నీటిని 55 డిగ్రీలకు తేవడానికి అలాంటి గీజరుకు పావుగంటకు కాస్త పైన పడుతుంది. కాబట్టి పొద్దున్నే ఇరవై నిమిషాలు నడిచి దానంతటదే ఆగిపోయేలా సమయం పెడితే సరిపోతుంది. గీజరు వేసి మరచిపోయి బయటికి వెళ్లిపోవడమన్నది మా ఇంట్లో ఆగిపోయింది. ఈ సదుపాయాన్ని నేను మనస్ఫూర్తిగా మెచ్చుకుంటాను. అయితే కరెంటు తిరిగి వచ్చాక ప్లగ్గు ఏ స్థితిలో ఉండాలో యాప్‌లో ఎంచుకునే వీలుందా లేదా అని కొనేముందే చూడాలి. గీజరుకు అది ‘ఆఫ్’లోనే ఉండాలి. స్మార్ట్ బల్బుకు కూడా ఈ సెట్టింగు అవసరమే, లేకపోతే అర్ధరాత్రి కరెంటు రాగానే పడకగదిలో దీపాలు భగ్గుమని వెలిగి పసిపిల్లల నిద్ర చెడుతుంది. నన్నడిగితే బల్బుల మీద పెట్టే డబ్బు గోడ స్విచ్చుతోనూ ఫోనుతోనూ దీపాన్ని నడిపేలా స్విచ్చుబోర్డు వెనక అమర్చే స్మార్ట్ మాడ్యూలు మీద పెట్టడం మేలు. మన బోర్డుల్లో స్విచ్చుల పక్కనే ప్లగ్గు పాయింటు ఉండటం వల్ల ఆ మాడ్యూలుకు కావలసిన న్యూట్రల్ తీగ చాలావరకు అక్కడే అందుతుంది. గోడ స్విచ్చు ఎప్పటిలాగే పనిచేస్తుంది, ఇంటికి వచ్చిన చుట్టాలకు కొత్తగా ఏమీ నేర్పనక్కరలేదు.

పాత ఏసీని ఫోనుతో నడిపించే ఐఆర్ (ఇన్‌ఫ్రారెడ్, అంటే కంటికి కనబడని కాంతితో సంకేతం పంపే) రిమోట్ చవకైనది, ఉపయోగమైనది. దాని పరిమితి మాత్రం తెలుసుకొని కొనాలి. అది సంకేతం పంపగలదే తప్ప ఏసీ నిజంగా ఆగిందో లేదో తెలుసుకోలేదు. యాప్‌లో ‘ఆఫ్’ అని కనిపిస్తున్నా, మధ్యలో కర్టెన్ అడ్డుపడితే ఏసీ నడుస్తూనే ఉంటుంది. ఊరికి వెళ్లాక ఆ యాప్ మాట నమ్మి ఊరుకోకూడదు.

మాటతో పనిచేసే స్పీకర్ల మీద నా అభిప్రాయం మిశ్రమంగా ఉంది. అమెజాన్ ఎకో మన దేశానికి 2017లో వచ్చింది, 2019లో దానిలో మాట్లాడే సహాయకి అలెక్సా హిందీ నేర్చుకుంది. తెలుగు పాట అడిగితే వెతికి వినిపిస్తుంది కానీ, ఇంట్లో మాట్లాడుకునే తెలుగులో పని చెబితే అందుకోదు. ఫోనులోని గూగుల్ తెలుగులో అడిగినదానికి తెలుగులోనే జవాబిస్తుండగా, హాల్లో పెట్టుకునే స్పీకరు మాత్రం ఇంగ్లీషో హిందీయో కోరడం నాకు నిజంగా బాధ కలిగిస్తుంది. ఇలాంటి సౌకర్యం అందరికన్నా ఎక్కువ అవసరమైనది మోకాళ్ల నొప్పులతో లేవలేని పెద్దవాళ్లకు. వాళ్లు మాట్లాడేది తెలుగు ఒక్కటే. మా అమ్మ కోసం పరికరాలకు ఫ్యాన్, మోటార్, లైట్ అని రెండు భాషలకూ ఉమ్మడిగా ఉన్న పేర్లే పెట్టాను. ఆమెకు స్పీకరుకన్నా బాగా ఉపయోగపడింది మంచం పక్కన గోడకు అంటించిన వైర్‌లెస్ మీట. రాత్రి లేచినప్పుడు ఒక్కసారి నొక్కితే పడకగది నుంచి బాత్‌రూము దాకా సన్నటి దీపాలు వెలుగుతాయి. పెద్దవాళ్లున్న ఇంటికి నేను ముందు ఇదే కొనమంటాను. స్పీకరు పెట్టుకున్నవారు మైకు ఆపే బటన్ ఎక్కడుందో ఇంటిల్లిపాదికీ చూపించాలి, నమోదైన మాటలను యాప్‌లోకి వెళ్లి అప్పుడప్పుడు తుడిచివేయాలి.

ఉప్పుగాలి అసలు పరీక్ష పెట్టేది బయట బిగించే కెమెరాకు. ఐపీ65 అనే గుర్తుకు అర్థం దుమ్ము లోపలికి చొరబడదని, నీటి ధారను తట్టుకుంటుందని. ఉప్పును ఎంతకాలం ఓర్చుకుంటుందన్నది ఆ పరీక్షలో భాగమే కాదు. మా బాల్కనీలో కెమెరా దేహం చెక్కుచెదరలేదు కానీ, దాన్ని పట్టి ఉంచే క్లాంపు మరలు ఒక్క వానాకాలానికే ఎర్రగా తుప్పు పట్టి, వాటి కింద గోడ మీద చారలు దిగాయి. స్క్రూడ్రైవరు పెడితే మర తల పొడిపొడిగా రాలిపోయింది. పెట్టెలో వచ్చే మరలను పక్కనపెట్టి 316 రకం స్టెయిన్‌లెస్ స్టీలువి తెచ్చి బిగించుకోవాలి. మామూలుగా దొరికే 304 రకం కన్నా ఇది ఉప్పును బాగా తట్టుకుంటుంది. కేబులు, అడాప్టరు కలిసే చోటు ఇంకా ముఖ్యం. ఆ జాయింటును మూతబిగిసే ప్లాస్టిక్ పెట్టెలో ఉంచి, తీగను కిందికి వంచి తరవాత పైకి తీసుకువెళ్తే నీరు వంపు దగ్గరే జారిపోతుంది. అద్దాన్ని మంచినీటితో తడిపిన మెత్తని గుడ్డతో తరచూ తుడవకపోతే రాత్రి దృశ్యాలన్నీ పొగమంచు కమ్మినట్టు కనిపిస్తాయి.

దృశ్యాలు ఎక్కడ దాచుకోవాలన్నది తరవాతి ప్రశ్న. ఫుల్ హెచ్‌డీ కెమెరా సెకనుకు 2 మెగాబిట్ల చొప్పున రికార్డు చేస్తే రోజుకు 21 గిగాబైట్లకు పైగా అవుతుంది, అంటే 128 గిగాబైట్ల మెమరీ కార్డులో దాదాపు ఆరు రోజుల దృశ్యాలు సరిపోతాయి. కార్డు ఉన్న కెమెరా నెట్ పోయినా రికార్డు చేస్తూనే ఉంటుంది, నెలనెలా చందా కట్టి కంపెనీ సర్వర్లలో దాచుకునే క్లౌడ్ మీదే ఆధారపడినది ఆ సమయంలో కళ్లు మూసుకున్నట్టే. మా బంధువులింట్లో ఒక కంపెనీ వీడియో డోర్‌బెల్ పెట్టారు. ఆ కంపెనీ తన క్లౌడ్ సేవను ఆపేశాక అది గంట మోగించడానికి కూడా పనికిరాకుండా పోయింది. వేలు పోసి కొన్నవారికి ఇంతకన్నా అన్యాయం ఉండదు. భద్రత సంగతి కూడా తేలిగ్గా తీసుకోకూడదు. 2016లో మిరాయ్ అనే హానికర ప్రోగ్రామ్ లక్షల కెమెరాలనూ, రికార్డర్లనూ, రౌటర్లనూ స్వాధీనం చేసుకొని పెద్ద పెద్ద వెబ్‌సైట్లనే అందకుండా చేసింది. దానికి దారి ఇచ్చింది కంపెనీ పెట్టిన పాస్‌వర్డును ఎవరూ మార్చకపోవడమే. మన దేశంలో 2025 ఏప్రిల్ నుంచి సీసీ కెమెరాలకు భద్రతా పరీక్షలు తప్పనిసరి అయ్యాయి. అయినా పాస్‌వర్డు మార్చడం, రెండంచెల లాగిన్ పెట్టుకోవడం, రౌటరులో అతిథుల కోసం విడిగా ఉండే గెస్ట్ నెట్‌వర్కులో ఈ పరికరాలను వేరుగా ఉంచడం మన చేతిలోని పనులే. పక్క ఫ్లాటు తలుపు మన కెమెరాలో పడకుండా చూసుకోవడం కూడా మర్యాద.

తలుపు తాళం గురించి క్లుప్తంగా చెబుతాను. వానాకాలం తేమకు చెక్క తలుపు ఉబ్బి చట్రానికి ఒరుసుకునే ఇంట్లో మోటారుతో తిరిగే తాళం మొరాయిస్తుంది, ముందు తలుపును చిత్రిక పట్టించాలి. వేలిముద్రలు అరిగిపోయిన పెద్దవాళ్లకు అంకెల మీటలు, మామూలు తాళంచెవి రెండూ ఉన్న రకమే కొనాలి. ఇల్లు ఊడ్చే రోబో మా వైపు బాగానే పనిచేస్తుంది, బీచ్ నుంచి కాళ్లకు అంటుకొచ్చే ఇసుకను శుభ్రంగా లాగేస్తుంది. గడప మాత్రం దాటలేదు. అది ఎక్కగలిగేది సుమారు రెండు సెంటీమీటర్ల ఎత్తు, మన పాత ఇళ్ల గడపలు అంతకు రెట్టింపు పైనే ఉంటాయి. గది గదికీ చేత్తో ఎత్తి పెట్టాల్సి వస్తే ఆ ధర పెట్టడం దండగ.

నీళ్ల మోటారుకు స్మార్ట్ ప్లగ్గు తగిలించడాన్ని మాత్రం నేను గట్టిగా వద్దంటాను. ఒక హార్స్‌పవర్ మోటారు 746 వాట్లదే కదా అనిపిస్తుంది కానీ, తిరగడం మొదలుపెట్టే క్షణంలో అది మామూలు కన్నా అయిదారు రెట్లు కరెంటు లాగుతుంది. ఆ తాకిడికి ప్లగ్గులో కరెంటును కలిపి తెంచే రిలే కొనలు అతుక్కుపోతే యాప్‌లో ఎంత నొక్కినా మోటారు ఆగదు. ట్యాంకు పొంగి మెట్ల మీదుగా నీళ్లు కారడం ఒక నష్టం, సంపులో నీళ్లయిపోయాక ఉత్తినే తిరిగి మోటారు కాలిపోవడం అంతకు మించిన నష్టం. మధ్యలో కాంటాక్టరు, అంటే భారీ కరెంటును తట్టుకునే స్విచ్చు, పెట్టి, దాన్ని కలిపి తెంచే తీగచుట్టను (కాయిలును) మాత్రమే స్మార్ట్ స్విచ్చుతో నడిపించడం సరైన పద్ధతి, ఆ పని అనుభవమున్న ఎలక్ట్రీషియన్ చేతనే చేయించాలి. ట్యాంకులో నీటిమట్టం చూసే పరికరాల్లో లోహపు కడ్డీలు ముంచి ఉంచే రకం తీరప్రాంతపు ఉప్పు బోరునీటికి త్వరగా తినేసుకుపోతుంది. నీటి మీద తేలుతూ పనిచేసే ఫ్లోట్ స్విచ్చు పాతకాలపుదే అయినా ఎక్కువకాలం మన్నుతుంది, నెట్‌తో సంబంధం లేకుండా మోటారును ఆపుతుంది. స్మార్ట్ పరికరం ఉన్నా దాన్ని తీసేయవద్దు.

కొనడానికి ఆన్‌లైన్‌లో ధర తక్కువే ఉండవచ్చు. అయినా తాళం, కెమెరా, ఫ్యాను వంటివాటిని ద్వారకానగర్‌లోనో డాబాగార్డెన్స్‌లోనో దుకాణానికి వెళ్లి చేత్తో తాకి చూసి తీసుకోమంటాను. పెట్టె మీద 2022లో మొదలైన ‘మేటర్’ ప్రమాణం గుర్తు ఉంటే మంచిది, ఆ గుర్తున్న పరికరం నెట్ లేకపోయినా ఇంటి నెట్‌వర్కులో పనిచేయగలదు, వేర్వేరు కంపెనీల యాప్‌లతో కలుస్తుంది. సర్వీసు సెంటరు ఊళ్లోనే ఉందా, లేక హైదరాబాదు పంపించి వారాల తరబడి వేచి ఉండాలా అన్నది బిల్లు రాయించకముందే తేల్చుకోవాలి. తుప్పు వారంటీలోకి వస్తుందా అని కూడా అడిగి, వస్తుందంటే ఆ మాటను బిల్లు మీద రాయించుకోండి.