పాసీఘాట్‌లో ఒక బాంబర్ జాడ

విశాఖలో వివేక్ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే దిబ్రూగఢ్ చేరడానికి రెండు రోజులు పడుతుంది. పులిహోర మొదటి రాత్రికే ఖాళీ. అంత దూరం వెళ్ళి తవాంగ్ చూడకుండా పాత ఇనుము చూసొస్తావా అని మావాళ్ళు ఒకటే నవ్వు. ఏం చేయను, నేను వెళ్ళింది ఒక్క విమానం కోసమే.

దాని పేరు 'హాట్ యాజ్ హెల్'. అమెరికన్ల బి-24 బాంబర్. 1944 జనవరి 25న చైనాలోని కున్మింగ్ నుంచి అస్సాంలోని చబువాకు వస్తూ ఎనిమిది మందితో సహా మాయమైపోయింది. బాంబర్‌కి అస్సాంలో ఏం పనంటారా? రెండో ప్రపంచ యుద్ధంలో బర్మా దారిని జపాన్ మూసేశాక చైనాకు పెట్రోలు కూడా కొండల మీదుగా గాల్లోనే పంపాల్సి వచ్చింది. ఆ దారిని పైలట్లు హంప్, అంటే మూపురం అనేవారు. ఈ బాంబర్ ఉన్న 308వ గ్రూపు తన బాంబులు, పెట్రోలు తనే మోసుకోవాలి. యుద్ధం ముగిసేలోగా ఆ దారిలో 6 లక్షల టన్నులకు పైగా సరుకు దాటింది. పోయిన విమానాలు దాదాపు 600.

దిబ్రూగఢ్‌లో స్టేషన్ దగ్గరి లాడ్జి సంగతి చెప్పకపోవడమే మంచిది. బోర్డు మీద వేడినీళ్ళు, గదిలో ఖాళీ బకెట్. పొద్దున్నే షేర్ సుమో పట్టుకున్నాను. వెనక సీటు చవకే కానీ, నడుం మీద ప్రేమ ఉంటే ముందు సీటు అడగండి. దాదాపు 5 కిలోమీటర్ల బోగీబీల్ వంతెన మీద బ్రహ్మపుత్ర దాటుతుంటే సుమోలో అందరూ నిద్ర, నేనొక్కడినే కిటికీకి అతుక్కుపోయాను. అరుణాచల్‌లోకి వెళ్ళడానికి ఇన్నర్ లైన్ పర్మిట్ ముందే ఆన్‌లైన్లో తీసుకోవాలి. రుక్సిన్ గేటు దగ్గర చూస్తారు. ప్రింటు ఉంచుకోండి, ఫోన్ సిగ్నల్‌ని నమ్మొద్దు.

అరుణాచల్‌లోని పాసీఘాట్‌లో ఒక ఆది తెగ కుటుంబం ఇంట్లో దిగాను. ఈ యాత్రలో పూర్తి మార్కులు ఆ ఇంటికే. వేడి అన్నం, ఆకుకూర, పొయ్యి మీద ఎండబెట్టిన చేప.

హంప్ మ్యూజియం 2023 నవంబర్‌లో తెరిచారు. చిన్నదే, గంటలో చూసేయొచ్చు. నాకు మూడు గంటలు పట్టింది. కొండల్లోంచి తెచ్చిన విమాన భాగాలవి. నలిగిన అల్యూమినియం రేకు మీద రివెట్లు మాత్రం వరస తప్పలేదు, రవిక హుక్కుల్లా. వెళ్ళేముందు 'మిస్సింగ్ ఎయిర్ క్రూ రిపోర్ట్' చదవండి. విమానం తప్పిపోతే నింపే ఫారం అది. ఇంజన్ల నంబర్లు, మెషిన్ గన్ల నంబర్లు అందులో టైపు చేసి ఉంటాయి. అడవిలో తుక్కు దొరికితే అది ఏ విమానమో తేల్చడానికి పనికొచ్చేది ఇలాంటి నంబర్లే. అవి తెలియకుండా వెళ్తే మీరు చూసేది నిజంగా పాత ఇనుమే.

మా విమానాన్ని 2006లో క్లేటన్ కూల్స్ అనే అమెరికన్ దామ్రో అనే ఊరి పైనున్న కొండల్లో కనిపెట్టాడు. తవ్వకం 2015లో గానీ మొదలుకాలేదు. 2016 ఏప్రిల్‌లో అవశేషాలు ఢిల్లీ నుంచి అమెరికా వెళ్ళాయి. మరుసటి ఏడాది ఫస్ట్ లెఫ్టినెంట్ రాబర్ట్ ఆక్స్‌ఫర్డ్‌ని గుర్తించి, జార్జియాలోని సొంత ఊరు కాంకర్డ్‌లో పూడ్చారు. చనిపోయేనాటికి ఆయనకు 24 ఏళ్ళు.

దామ్రో పైకి తీసుకెళ్తానని ఒకతను బేరం పెట్టాడు. రోజుల తరబడి నడక, జలగలు. మానేశాను. భయమూ ఉంది, కాదనను. అయినా మనుషులు చనిపోయిన చోట ఫొటోలు దిగడానికి నాకు మనసొప్పలేదు.

తిరుగు ప్రయాణంలో చబువా వెళ్ళాను. ఇప్పుడది వైమానిక దళం స్థావరం, బయటి గోడ తప్ప చూడ్డానికేం లేదు. ఆ పూట దిగ్బోయ్ యుద్ధ శ్మశానానికి ఇవ్వండి. సుమారు 200 సమాధులు, పచ్చిక కత్తిరించినట్టే ఉంటుంది. హంప్‌లో పోయిన అమెరికన్లు మాత్రం అక్కడ ఉండరు.

గేటు దగ్గర డ్రైవర్ అడిగాడు, "మీవాళ్ళెవరైనా ఉన్నారా సార్ ఇక్కడ?"

లేరన్నాను.

"మరెందుకొచ్చారు?"

1942 ఏప్రిల్ 6న విశాఖ మీద జపాన్ బాంబులు పడ్డాయి. ఆ రోజు పిల్లల్ని చంకనేసుకుని ఊరొదిలి పరుగెత్తిన కథ మా నానమ్మ చెప్పగా చెప్పగా నాకు కంఠతా వచ్చేసింది. అక్కణ్ణించి మొదలుపెట్టి చెప్పాలి. నా హిందీ అంత దూరం రాదు.