ఎలక్ట్రిక్ వీల్‌చైర్‌కు లెడ్ యాసిడా, లిథియమా?

కొనబోయేవాళ్లంతా మొదట అడిగేది ఒక్కటే: ఒక్క ఛార్జింగ్‌కి ఎన్ని కిలోమీటర్లు? అంతకంటే ముందు తేల్చుకోవాల్సింది, కుర్చీ నెలలో ఎన్ని రోజులు కదలకుండా ఉంటుందన్నది. మన ఇళ్లలో చాలా కుర్చీలు పెళ్లికో, గుడికో, ఆసుపత్రికో బయటికొస్తాయి. మిగతా రోజులు మంచం పక్కనే. బ్యాటరీ చచ్చేది అక్కడే.

రెండో ప్రపంచ యుద్ధంలో గాయపడిన సైనికుల కోసం కెనడాలో జార్జ్ క్లైన్ కరెంటు కుర్చీ తయారుచేసిన తర్వాత దశాబ్దాల పాటు లెడ్ యాసిడే దిక్కు. ఇప్పటికీ వెనక్కి వాలే పెద్ద కుర్చీల్లో ఎక్కువగా అవే: 12 వోల్టులవి రెండు, సిరీస్‌లో కలిపి 24. రోజూ తిరిగే కుర్చీకి చవకగా బాగానే పనిచేస్తాయి, రాత్రి ప్లగ్గు పెడితే చాలు. సగం ఛార్జింగ్‌తో వారాల తరబడి వదిలేస్తే మాత్రం ప్లేట్ల మీద సల్ఫేట్ గట్టిపడుతుంది, ఆ తర్వాత ఎంతసేపు పెట్టినా నిండదు.

పాడైతే ఇట్టే తెలుస్తుంది. ఛార్జర్‌లో పచ్చలైటు మామూలుకన్నా తొందరగా వెలుగుతుంది. ర్యాంపు ఎక్కేటప్పుడు జాయ్‌స్టిక్ దగ్గరి లైట్లు ఎరుపుకి పడిపోయి, పైకి చేరాక మళ్లీ లేస్తాయి. ఛార్జింగ్ తీసిన మూణ్ణాలుగు గంటలకు ఒక్కోదాన్నీ మల్టీమీటర్‌తో చూడండి. ఒకటి 12.7 చూపించి ఇంకోటి 12.2 దగ్గరుంటే పోయింది ఆ రెండోదే. అయినా రెండూ కలిపే మార్చాలి, పాతది కొత్తదాని ఆయుష్షు కూడా తినేస్తుంది. కారు బ్యాటరీ పెట్టించే పని పెట్టుకోకండి. ఇంజన్ స్టార్ట్ చేయడానికి చేసిన బ్యాటరీని రోజూ అడుగంటా వాడితే నెలల్లో కూర్చుంటుంది.

అప్పుడప్పుడు వాడే మడత కుర్చీకి నా ఓటు లిథియానికే. వాడకుండా ఉంచినా ఛార్జింగ్ మెల్లగానే దిగుతుంది. 50–60 శాతం దగ్గర ఆపి, ప్యాక్ తీసి చల్లని చోట పెట్టి, రెండు నెలలకోసారి చూసుకుంటే సరి. బరువూ తక్కువే, కారు డిక్కీలోకి ఎత్తేవాళ్లకు ఆ తేడా బాగా తెలుస్తుంది.

విమానం ఎక్కేవాళ్లు వాట్ అవర్లు, అంటే ప్యాక్‌లో పట్టే శక్తి, చూడాలి. వోల్టులను ఏహెచ్ (ఆంపియర్ అవర్లు)తో గుణిస్తే వచ్చేదే అది: 24 వోల్టుల 12 ఏహెచ్ ప్యాక్ అంటే 288. విడదీసే బ్యాటరీ ఒకటే ఉంటే సాధారణంగా 300 వరకు ఒప్పుకుంటారు. రెండు బిగించి నడిచే కుర్చీకి ఒక్కోటి 160 దాటకూడదు. అందుకే ఎక్కువ దూరం పోతుందని జంట ప్యాకుల కుర్చీ కొన్నవాళ్లు చెక్-ఇన్ దగ్గర ఇరుక్కుంటారు. అంకె ప్యాక్ మీద అచ్చయి ఉండాలి. టికెట్ కొనేముందే విమాన సంస్థను అడగండి.

లెడ్ యాసిడ్‌లోనే సీలు వేసిన రెండు రకాలైన జెల్, ఏజీఎంల మధ్య తేడా గురించి తల బద్దలు కొట్టుకోనక్కర్లేదు. లెడ్ కుర్చీలో లిథియం పెట్టిస్తే మాత్రం ఛార్జర్ కూడా మారాలి. నిండా ఛార్జ్ చేసి నేరుగా ర్యాంపు దిగకండి: మోటార్లు వెనక్కి పంపే కరెంటుకి వోల్టేజి పెరిగి, లిథియం ప్యాక్‌లో కాపలా కాసే సర్క్యూట్ (బీఎంఎస్) సరఫరా తెంపేస్తే, బ్రేకులు పట్టేసి కుర్చీ వాలు మధ్యలోనే ఆగిపోతుంది.