ట్యూబ్ స్క్రీమరా, బ్లూస్ డ్రైవరా: మన చిన్న యాంప్‌కు ఏది మేలు?

బ్లూస్-రాక్ టోన్ కావాలంటే ముందుగా వినబడే సలహా ఐబనీజ్ ట్యూబ్ స్క్రీమర్, అంటే గిటార్‌కూ యాంప్‌కూ మధ్య పెట్టుకుని స్వరానికి గరగర తెచ్చుకునే కాలి పెడల్. అమెరికా బ్లూస్ గిటారిస్టు స్టీవీ రే వాన్ వాడాడు కాబట్టి మనమూ కొనాలంటారు. ఆయన దాన్ని గట్టిగా మోగే ఫెండర్ ట్యూబ్ యాంపుల (పాత రేడియోల్లోలా గాజు వాల్వులతో నడిచేవి) ముందు పెట్టుకున్నాడన్న మాట మాత్రం చాలామంది చెప్పరు. నల్లగొండలో, మిర్యాలగూడలో, పాలమూరులో గిటార్ నేర్చుకునే కుర్రాళ్ల గదుల్లో ఎక్కువగా కనబడేది పది, పదిహేను వాట్ల ట్రాన్సిస్టర్ యాంప్. అదీ లేకపోతే చర్చిలో సౌండ్ మిక్సర్. గిటార్ కేబుల్ రెండో కొసన ఏముందో చూసుకున్నాకే పెడల్ సంగతి.

ట్యూబ్ స్క్రీమర్ 1979 నాటిది. అలాంటి పెడలే అయిన బాస్ (Boss) కంపెనీ బ్లూస్ డ్రైవర్ వచ్చింది 1995లో. రెండింటికీ మూడేసి నాబ్‌లే: ఎంత గరగర కావాలి (డ్రైవ్ లేదా గెయిన్), ఎంత పదును కావాలి (టోన్), ఎంత గట్టిగా కావాలి (లెవెల్). తేడా అంతా లోపలే. ట్యూబ్ స్క్రీమర్ అడుగు స్వరాలను కోసేసి, 720 హెర్ట్జ్ చుట్టుపక్కల ఉండే మధ్య స్వరాలను ముందుకు తోస్తుంది. గిటార్‌లో అన్నిటికన్నా మందపు తీగ మోగేది 82 హెర్ట్జ్ దగ్గర. అంటే కింది బరువు పెడల్ దగ్గరే సన్నబడిపోతుంది. ఫెండర్ తరహా యాంపుల్లో మధ్య స్వరాలు సహజంగానే అణిగి ఉంటాయి కాబట్టి అక్కడ ఈ గుణం వరం. అప్పటికే కాస్త గరగరలాడే ట్యూబ్ యాంప్ అయితే ఇంకా బాగుంటుంది. డ్రైవ్ నాబ్ గడియారంలో తొమ్మిది గంటల దగ్గర, టోన్ పన్నెండు, లెవెల్ మూడు గంటల దాకా. అసలు గరగర యాంప్‌దే, పెడల్ దాన్ని ముందుకు నెడుతుందంతే.

అదే సెట్టింగ్ పదిహేను వాట్ల ట్రాన్సిస్టర్ యాంప్ క్లీన్ చానల్ (గరగర లేనిది) మీద పెట్టి చూడండి. శబ్దం పెరుగుతుంది, రంగు మారదు. సరే కదా అని డ్రైవ్ మూడు గంటలకు తిప్పితే ముక్కుతో పాడినట్టు ఉంటుంది. తాలింపు ఎంత ఘుమఘుమలాడినా కింద పప్పు ఉడకాలి కదా.

బ్లూస్ డ్రైవర్‌కు ఆ పప్పు కూడా తనే ఉడకబెట్టుకునే గుణం ఉంది. అడుగు స్వరాలను పెద్దగా కోయదు, పై స్వరాలు విచ్చుకుని ఉంటాయి, క్లీన్ యాంప్‌లోనూ నిండుగా వినిపిస్తుంది. నాకు ఇందులో నచ్చేది గిటార్ వాల్యూమ్ నాబ్‌కు ఇది చెప్పే జవాబు. గెయిన్ పదకొండు గంటల దగ్గర ఉంచి, గిటార్ వాల్యూమ్ పదిలో పెట్టి మూడో తీగను ఏడో ఫ్రెట్ మీద వంచండి, స్వరం గొంతు చించుకుంటుంది. వాల్యూమ్ ఆరుకు దించి పిక్ మెత్తగా ఆడించండి, దాదాపు క్లీన్. కాలు కదపకుండానే రెండు టోన్లు. దీని చెడ్డగుణం పదును. సింగిల్ కాయిల్ (పికప్‌లో ఒకే తీగచుట్ట ఉండే) గిటార్‌లో బ్రిడ్జ్ పికప్, అంటే తీగల కింది కొస దగ్గరి పికప్ మీద వాయిస్తే చెవిలో గుచ్చుతుంది, కాబట్టి టోన్ పదిన్నర దాటనివ్వకండి. గెయిన్ రెండు గంటలు దాటితే ఫజ్ పెడల్‌లా చిట్లుతుంది. కొందరికి అదే ఇష్టం, నాకు కాదు.

యాంప్ మీద బేస్ ఐదు, మిడ్ ఏడు, ట్రెబుల్ నాలుగుతో మొదలుపెట్టండి. స్పీకర్ ఆరంగుళాలదో ఎనిమిదంగుళాలదో అయితే బేస్ ఇంకా పెంచడం దండగ, డబ్బా కొట్టినట్టు మోగుతుంది. యాంప్‌లో డ్రైవ్ చానల్ ఉన్నా దాని జోలికి పోవద్దు. చవక యాంపుల్లో అది ఈగలు ముసిరినట్టు ఉంటుంది.

ఇంట్లో ఒంటరిగా వాయించేవాళ్లకు నా ఓటు బ్లూస్ డ్రైవర్‌కే. ఆర్కెస్ట్రాలో, పెళ్లి స్టేజీ మీద మాత్రం లెక్క మారుతుంది. కీబోర్డు ఎడమ చెయ్యి, రిథమ్ ప్యాడ్లు కింది స్వరాలన్నీ ఆక్రమించేస్తాయి. అక్కడ ట్యూబ్ స్క్రీమర్ అడుగు కోయడమే మేలు, సోలో బయటికి వినబడుతుంది. డబ్బు తక్కువైతే 1981 నుంచి ఉన్న బాస్ ఎస్‌డి-1 చూడండి, ఆ వంశానిదే, చవక.

చర్చి మిక్సర్‌లోకి నేరుగా వాయించేవాళ్లు ఈ రెండూ కొనొద్దు. గిటార్ స్పీకర్ 5 వేల హెర్ట్జ్ పైన ఉన్నదాన్ని చాలావరకు మింగేస్తుంది. పీఏ బాక్సులోని (సభకు వినిపించే పెద్ద స్పీకర్‌లోని) ట్వీటర్ మింగదు, పెడల్ గీరుడంతా జనం మీదికి వెళ్తుంది. స్పీకర్‌ను అనుకరించే సౌకర్యం ఉన్న జూమ్ జి1 ఫోర్ లాంటి మల్టీ ఎఫెక్ట్స్ (చాలా పెడళ్ల పని ఒకే డబ్బాలో) అక్కడ నయం. నాలుగు డబుల్ ఏ సెల్స్‌తోనూ నడుస్తుంది, కరెంటు పోయినా బెంగ లేదు.

ఏ పెడల్ తెచ్చినా 'గుయ్' మంటోందంటే ముందు ఫ్యాన్ రెగ్యులేటర్ ఆపి చూడండి. సింగిల్ కాయిల్ పికప్‌లు దాని రొదను పట్టేస్తాయి, గెయిన్ ఎంత పెంచితే రొద అంత. స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ మీద అయితే ఇంకా ఘోరం. ప్లగ్‌కు ఎర్తింగ్ ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌తో చూపించుకోవడం రెండో పెడల్ కొనడం కన్నా ముఖ్యం.

అమెరికాలో ఉన్న అన్న ట్యూబ్ యాంప్ తెస్తానంటే వెనక రాసిన వోల్టేజ్ చదవమనండి. అక్కడిది 120 వోల్టులు, మన 230లో నేరుగా పెడితే కాలిపోతుంది. స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ కావాలి, ట్యూబులు అరిగినప్పుడు హైదరాబాద్ దాకా మోసుకుపోవడానికీ సిద్ధపడాలి. పెడల్ అయితే నిశ్చింతగా తెమ్మనండి. అడాప్టర్ మాత్రం ఇక్కడే కొనుక్కోండి: 9 వోల్టులు, పిన్ మధ్యలో నెగటివ్.