సెంట్రల్ హైకి లాంగ్ వీకెండ్‌లో వెళ్లకండి

డాలస్, ఫ్రిస్కో, ప్లేనో వైపు మనవాళ్లు హాట్ స్ప్రింగ్స్ వెళ్లినప్పుడు ఇంకో గంట ముందుకెళ్లి ఆర్కన్సాలోని లిటిల్ రాక్ సెంట్రల్ హై స్కూల్ ముందు ఫొటో దిగి వస్తుంటారు. 1957లో తెల్లవారి పిల్లలకే ఉన్న ఈ బడిలో తొమ్మిది మంది నల్లవారి పిల్లలు గొడవల మధ్య చేరారు. మనవాళ్లు వెళ్లేది ఎక్కువగా థ్యాంక్స్‌గివింగ్‌కో, మెమోరియల్ డేకో. చిక్కంతా అక్కడే. ఇది మ్యూజియం కాదు, ఇప్పటికీ నడుస్తున్న ప్రభుత్వ హై స్కూల్. లోపలికి వెళ్లాలంటే నేషనల్ పార్క్ సర్వీస్ రేంజర్ వెంట టూర్‌లోనే వెళ్లాలి, దానికి ముందే పేర్లు ఇచ్చి ఉండాలి. బడి సెలవు రోజుల్లో వెళ్తే మీకు దక్కేది మెట్లు, కొలను, ముఖద్వారం మీది నాలుగు విగ్రహాలు, అంతే.

కాబట్టి మామూలు శుక్రవారం ఒకటి చూసుకుని, కనీసం రెండు మూడు వారాల ముందు పార్క్ సర్వీస్‌కి రాయండి. ఎంతమంది, పిల్లల వయసులు ఎంత అన్నది చెప్పండి. ఆ రోజు బడి ఉందో లేదో లిటిల్ రాక్ స్కూల్ డిస్ట్రిక్ట్ క్యాలెండర్‌లో విడిగా చూసుకోవాలి. టెక్సస్ స్ప్రింగ్ బ్రేక్, వాళ్ల స్ప్రింగ్ బ్రేక్ ఒకే వారం రావాలని లేదు. ఆ తొమ్మిది మంది 1957లో సైన్యం కాపలాతో బడిలో అడుగుపెట్టిన సెప్టెంబరు 25 దగ్గర్లో వార్షికోత్సవాల రద్దీ ఉంటుంది. టూర్‌కి, విజిటర్ సెంటర్‌కి టికెట్ లేదు. సెంటర్ తెరిచే రోజులు, వేళలు మారుతుంటాయి, బయల్దేరే ముందు సైట్‌లో ఒకసారి చూసుకోండి. లోపల చదువుకునే పిల్లలకు కెమెరా ఎక్కుపెట్టకండి.

డాలస్ నుంచి ఐ-30 మీద సుమారు 320 మైళ్లు, దాదాపు అయిదు గంటలు. సగం దారి దాటాక టెక్సర్కానా వస్తుంది, ఆగడానికి అదే సరైన చోటు. గురువారం సాయంత్రం బయల్దేరి రాత్రికి చేరితే శుక్రవారం ఉదయం తొందర ఉండదు.

విజిటర్ సెంటర్ పార్క్ స్ట్రీట్, డెయిజీ గాట్సన్ బేట్స్ డ్రైవ్ కలిసే మూల మీద ఉంది. ఈ రోడ్డు అప్పటి 14వ వీధి. ముందు ఇక్కడ గంట గడపండి. తొమ్మిది మంది పిల్లల పేర్లు, బడుల్లో నల్ల, తెల్ల పిల్లల్ని విడదీయడం చెల్లదన్న 1954 బ్రౌన్ తీర్పు, గవర్నర్ ఫాబస్ నేషనల్ గార్డ్ అనే రాష్ట్ర సైనిక దళాన్ని ఎందుకు దింపాడన్నది తెలియకుండా టూర్‌కి వెళ్తే రేంజర్ మాటల్లో సగం జారిపోతుంది. చిన్నపిల్లలు ఉంటే జూనియర్ రేంజర్ పుస్తకం అడగండి. రోడ్డుకి అవతల పాత మాగ్నోలియా పెట్రోల్ బంకుని 1957లో ఉన్నట్టే తీర్చిదిద్దారు. విలేకరులు తమ ఆఫీసులకు వార్తలు చెప్పింది ఇక్కడి ఫోన్ నుంచే.

టూర్ అయ్యాక చాలామంది కారెక్కేస్తారు. ఎక్కకండి, పార్క్ స్ట్రీట్ మీద నడవండి. 1957 సెప్టెంబరు 4 ఉదయం ఆ తొమ్మిది మందిలో ఒకరైన ఎలిజబెత్ ఎక్‌ఫర్డ్ అనే పదిహేనేళ్ల అమ్మాయి తనే కుట్టుకున్న గౌను వేసుకుని బస్సు దిగి ఇదే వీధిలో ఒంటరిగా నడిచింది. అందరూ ఒకచోట కలిసి వెళ్దామని ముందురాత్రి నల్లవారి హక్కుల సంఘం నాయకురాలు డెయిజీ బేట్స్ మిగతా ఇళ్లకు కబురు పంపింది. ఎక్‌ఫర్డ్ ఇంట్లో ఫోన్ లేదు. 14వ వీధి మూల దగ్గర గార్డులు దారి ఇవ్వలేదు. తెల్లపిల్లలు వెళ్తున్న ద్వారం దగ్గరకి వెళ్తే తుపాకులు అడ్డం పెట్టారు. వెనక గుంపు అరుస్తుండగా 16వ వీధిలోని బస్ స్టాప్ దాకా నడిచింది. మూల మీది మందుల షాపులోకి వెళ్లబోతే తలుపు మూసేశారు. చివరికి బెంచీ మీద కూర్చుంది. 14 నుంచి 16 దాకా బడి ముఖభాగం పొడవంతా పిల్లలతో కలిసి నడిస్తే అది ఎంత దూరమో కాళ్లకి తెలుస్తుంది. అది ఏ ఫొటోలోనూ తెలియదు. 16వ వీధి మూల మీద ఆ బెంచీకి గుర్తుగా 2018లో పెట్టిన బెంచీ ఉంది. జూలై, ఆగస్టుల్లో ఈ నడక పొద్దున్నే పెట్టుకోండి, ఎండ మామూలుగా ఉండదు.

చాలామంది వదిలేసే చోటు డన్‌బార్ స్కూల్. రైట్ అవెన్యూ మీద, కారులో కొద్ది నిమిషాలు. సెంట్రల్‌ని 1927లో 15 లక్షల డాలర్లతో కట్టారు. రెండేళ్ల తర్వాత నల్లవారి పిల్లల కోసం కట్టిన డన్‌బార్‌కి అయింది సుమారు 4 లక్షలు, అందులోనూ కొంత బయటి దాతలది. అదీ ఇప్పటికీ నడిచే బడే, బయటినుంచే చూడాలి. పది నిమిషాలు చాలు. కానీ రెండు భవనాలూ ఒకే పూట చూస్తేగానీ ఆ తొమ్మిది మంది అంత దూరం ఎందుకు వచ్చారో పిల్లలకు అర్థం కాదు.

స్టేట్ క్యాపిటల్ ఆవరణలో, గవర్నర్ ఆఫీసు వైపు ముఖం పెట్టి, తొమ్మిది మంది కంచు విగ్రహాలున్నాయి. 2005లో పెట్టారు. టికెట్ లేదు, సాయంత్రమైనా చూడొచ్చు. 28వ వీధిలోని డెయిజీ బేట్స్ ఇంటికి లోపలికి వెళ్లొచ్చన్న భరోసా పెట్టుకోకండి. నా లెక్కలో దానికన్నా 7వ వీధిలోని టెర్రీ హౌస్ మేలు. 1958 సెప్టెంబరు 27న నగర ఓటర్లు 19,470–7,561 తేడాతో నల్ల, తెల్ల పిల్లల్ని కలిపి చదివించడానికి ఒప్పుకోలేదు. నాలుగు ప్రభుత్వ హై స్కూళ్లూ ఏడాది పాటు మూతపడ్డాయి. 3,600 మందికి పైగా పిల్లలు బడి లేక చెల్లాచెదురయ్యారు. బడులు తెరిపించాలని పట్టుబట్టిన ఆడవాళ్ల సంఘం సమావేశమైంది ఈ ఇంట్లోనే. ఆ సభ్యుల పేర్లు కిటికీ అద్దాల మీద చెక్కి ఉంటాయి, దగ్గరికెళ్తేనే కనిపిస్తాయి.

బసకి డౌన్‌టౌన్‌లో రివర్ మార్కెట్ చుట్టుపక్కల హోటళ్లు నడకకి బాగుంటాయి. పార్కింగ్‌కి రాత్రికింతని విడిగా పడుతుందేమో బుక్ చేసేటప్పుడే చూసుకోండి, గది అద్దెలో అది కనిపించదు. పిల్లలతో అయితే వెస్ట్ లిటిల్ రాక్‌లో ఉచిత టిఫిన్ ఇచ్చే చెయిన్ హోటళ్లే లాభం, సెంట్రల్‌కి పావుగంటో ఇరవై నిమిషాలో. శాకాహారులకి మన భోజనం దొరికే హోటళ్లూ ఆ వైపే. బడి చుట్టుపక్కల తినడానికి ఏమీ లేదనుకునే వెళ్లండి. పులిహోర డబ్బా వెంట ఉంటే పూట గడిచిపోతుంది.

శనివారం మిగిలితే మెంఫిస్ రెండుంబావు గంటలు. మార్టిన్ లూథర్ కింగ్ హత్య జరిగిన లొరైన్ మోటెల్‌లోని నేషనల్ సివిల్ రైట్స్ మ్యూజియం పెద్దది, టికెట్ ఉంది, మంగళవారం సెలవు. బళ్ల పోరాటం అక్కడ ఒక భాగం మాత్రమే. దానికే పూర్తిగా రోజు పడుతుంది కనుక, ఒకే రోజు రెండు ఊళ్లూ కలపొద్దు.

కాన్సాస్ సిటీ, ఓవర్‌లాండ్ పార్క్ వాళ్లకి లిటిల్ రాక్ కన్నా టొపీకా దగ్గర, ఐ-70 మీద గంట. బ్రౌన్ కేసుతో పేరొచ్చిన మన్రో స్కూల్ ఇప్పుడు బడి కాదు, పార్క్ సర్వీస్ చేతిలో ఉంది. బుకింగ్ బాధ లేదు, టికెట్ లేదు. ఒక విషయం ముందే పిల్లలకు చెప్పండి: టొపీకాలో నల్లవారి బడి భవనం, పంతుళ్ల అర్హత తెల్లవారి బడికి పెద్దగా తీసిపోవు. వసతులు చాలవన్న వాదన అక్కడ నిలవదు కాబట్టే, విడదీయడమే అన్యాయమా అన్న ప్రశ్న కోర్టు ముందుకి నేరుగా వచ్చింది. ఇది తెలియకపోతే ఆ చక్కటి భవనం చూసి ఇందులో బాధేముంది అని పిల్లలే అడుగుతారు. లోపల హాల్ ఆఫ్ కరేజ్ అనే ఇరుకు దారిలో రెండు పక్కలా తెరల మీద గుంపుల తిట్లు, బెదిరింపులు మోగుతుంటాయి. ఆరేడేళ్ల లోపు పిల్లలని ఆ దారి తప్పించి తీసుకెళ్లండి.