హైదరాబాద్ నుంచి డల్లాస్‌కి, దుబాయ్ మీదుగా: ఐదు ప్రయాణాల తర్వాత

మా అమ్మాయి వాళ్లు డల్లాస్‌లో ఉంటారు. 2017 నుంచి నేనూ మా ఆయనా ఐదుసార్లు వెళ్లొచ్చాం, ప్రతిసారీ దుబాయ్‌లో విమానం మారుతూనే.

నేరుగా కొలిస్తే రెండు ఊళ్ల మధ్య సుమారు 14,400 కిలోమీటర్లు. దుబాయ్‌కి 2,550, అక్కణ్ణించి డల్లాస్‌కి 12,900 దాకా. అంటే చుట్టు తిరిగేది వెయ్యి కిలోమీటర్లే. దానికి బాధపడక్కర్లేదు.

టికెట్ మీద టైములు చూసి మాత్రం మొదటిసారి పొరబడ్డాం. తెల్లవారుజామున 4:20కి బయల్దేరి అదే రోజు సాయంత్రం 4:05కి దిగుతామని ఉంది. పన్నెండు గంటలు కూడా లేదే అనుకున్నాం. ఏ ఊరి టైము ఆ ఊరిదే వేస్తారు. చలికాలంలో డల్లాస్ మనకంటే పదకొండున్నర గంటలు వెనక, వేసవిలో పదిన్నర. ఆ పదకొండున్నర కలిపితే 23 గంటల పైనే. అర్ధరాత్రి కూకట్‌పల్లిలో ఇంటికి తాళం వేసింది మొదలు అమ్మాయి గుమ్మంలో చెప్పులు విడిచేదాకా ముప్ఫై గంటలు పట్టింది.

ఇందులో దుబాయ్ దాకా నాలుగు గంటలు ఇట్టే గడిచిపోతాయి. కష్టమంతా తర్వాతి పదహారు గంటలే. ఆరో గంటకల్లా నా పాదాలు వాచి చెప్పుల్లో పట్టేవి కావు. డాక్టర్ చెప్పిన బిగుతు మేజోళ్లు వేసుకుని, గంటన్నరకోసారి లేచి వెనక దాకా నడిచొస్తే ఆ వాపు చాలావరకు తగ్గింది. నడవటానికి వీలుగా నడవా పక్క సీటే అడగండి. తిరుగు ప్రయాణంలో గాలి వెనక నుంచి తోస్తుంది కాబట్టి గంటన్నర దాకా కలిసొస్తుంది.

అన్నిటికంటే ముఖ్యం మధ్యలో ఆగే సమయం. 2019లో ధర తక్కువని గంటా ఇరవై నిమిషాల హాల్ట్ తీసుకున్నాం. మొదటి విమానం అరగంట ఆలస్యమైంది. మళ్ళీ సెక్యూరిటీ చెక్, టెర్మినల్‌లో రైలు, గేటు దాకా పరుగు. మా ఆయనకి ఆయాసం వచ్చి గోడకి ఆనుకుని నిలబడిపోతే నాకు కాళ్లూ చేతులూ ఆడలేదు. విమానం అందింది గానీ పెట్టెలు రెండు రోజుల తర్వాత వచ్చాయి. బీపీ మాత్రలు వాటిలోనే ఉన్నాయి. అప్పట్నుంచి మందులు, చీటీతో సహా, నా చేతి సంచిలోనే.

అరవై దాటిన అమ్మానాన్నలకి టికెట్ తీసే పిల్లలకి నా మాట: మూడు గంటల హాల్ట్ ఉన్నదే చూడండి, నాలుగైనా పర్వాలేదు. వీల్‌చైర్ టికెట్‌తో పాటే అడిగి పెట్టండి. నడవగలిగినా సరే, భాష రాని చోట ఒక మనిషి తోడుండి గేటు దాకా దిగబెడితే ఆ ధైర్యమే వేరు. ఈ మార్చికి మేం అలాగే తీసుకున్నాం, కాస్త ఎక్కువైనా.